గీత దగ్గర ఆగిన బండి

అన్నం బెల్లు కొట్టి పది నిమిషాలైంది. దేవకుమారి ఇంకా టిఫిన్ బాక్సు మూత తీయలేదు. రేపల్లె హైస్కూలు గేటు లోపల, సున్నపు గీత పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

ఆ వారం సైకిళ్ళ లీడరు తనే. ఆరో తరగతి పిల్లకి లీడరు పని రావడం అదే మొదటిసారి.

ఆ గీత వెనక ఒక దెబ్బ ఉంది. పోయిన నెలలో పదో తరగతి హనుమంతరావు సైకిలు మీద సర్రున దూసుకొచ్చి ఒక చిన్న పిల్లవాణ్ణి గుద్దాడు. పిల్లవాడి మోకాలు చీరుకుపోయింది. మర్నాడే హెడ్మాస్టరు నరసింహారావు గారు గేటు లోపల అడ్డంగా సున్నంతో గీత గీయించారు. అక్కడ సైకిలు దిగాలి. ఎడమ పక్క షెడ్డు దాకా నడిపించుకెళ్ళాలి. చక్రం ఉన్నదేదీ గీత దాటి ఆఫీసు వైపు రాకూడదు. ఆయన కూడా రోజూ గీత దగ్గర తన సైకిలు దిగుతారు. రూలు నాకూ ఒకటే, మీకూ ఒకటే అని అసెంబ్లీలో చెప్పారు.

ఆ మాట దేవకుమారికి ఎంతో నచ్చింది. ఇంట్లో రెండుసార్లు చెప్పింది కూడా.

అప్పుడే గేట్లోంచి మూడు చక్రాల బండి ఒకటి వచ్చింది. కాళ్ళతో తొక్కేది కాదు, చేతులతో తిప్పేది. అందులో ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతుల మీద ఇస్త్రీ మడత కత్తిలా నిలబడి ఉంది. ఒళ్ళో ఒక కాగితాల సంచి. లుంగీ కింద ఆయన కాళ్ళు సన్నగా, పక్కకి ముడుచుకుని ఉన్నాయి.

"ఇక్కడ దిగి నడిపించుకెళ్ళాలండి" అంది దేవకుమారి. రోజుకి నలభైసార్లు చెప్పే మాటే అది. ఆలోచించకుండానే వచ్చేసింది.

ఆయన గీత వైపు చూశాడు. తర్వాత దేవకుమారి వైపు చూశాడు.

"దిగుతానమ్మా. నడిపించడమే రాదు నాకు" అన్నాడు.

 పోనిమ్మందామని దేవకుమారి నోరు తెరిచింది. షెడ్డు దగ్గర హనుమంతరావూ అతని స్నేహితులూ ఇటే చూస్తున్నారు.

"ఏంటి లీడరమ్మా, ఆలోచిస్తున్నావ్? రూలు అందరికీనా, మాకొక్కళ్ళకేనా?" అన్నాడు హనుమంతరావు.

"అందరికీ" అంది దేవకుమారి.

అన్నాక వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

 ఆయన సంచి మెడకి తగిలించుకున్నాడు. బండి పట్టుకుని నేల మీదికి జారాడు. బండిలోంచి ఒక జత రబ్బరు చెప్పులు తీసి చేతులకి తొడుక్కున్నాడు. చేతులు ముందుకి వేస్తూ, ఒంటిని ఈడ్చుకుంటూ ఆఫీసు వైపు బయల్దేరాడు.

ముందు రోజు వాన పడింది. గీత నుంచి ఆఫీసు దాకా అంతా నల్లటి బురద. షెడ్డు దగ్గర ఎవరూ నవ్వలేదు. హనుమంతరావు కూడా తన సైకిలు చైను ఊడిందేమో అన్నట్టు వంగి చూసుకున్నాడు.

దేవకుమారి ఆ పూట అన్నం తినలేదు.

సంగతంతా అటెండరు మత్తయి చెప్పాడు. బండిలో వచ్చినాయన పేరు జమలయ్య. ఈ మధ్యే దేవకుమారి క్లాసులో చేరిన చౌడేశ్వరికి తండ్రి. పెనుమూడి నుంచి ఆ పిల్ల రోజూ బస్సులో రావాలి. పాసు ఉంటేనే కుదురుతుంది. రోజూ టిక్కెట్టు కొనాలంటే చదువు మానిపించడమే. ఆ పాసు ఫారం మీద తండ్రి స్వయంగా వచ్చి, హెడ్మాస్టరు గారి ఎదుట, పిల్ల ఫొటో మీద సంతకం పెట్టాలి. ఈరోజు ఆయన అన్నీ తెచ్చాడు, ఫొటో మరిచాడు. రేపే ఆఖరి రోజు. అందుకని రేపు మళ్ళీ వస్తాడు.

"అంత దూరం చేత్తో తిప్పుకుంటూనే వచ్చాడమ్మా" అన్నాడు మత్తయి. "బస్సు ఎక్కరాదా అంటే నవ్వాడు. బస్సులో నాకు రాయితీ, నా కాళ్ళకి లగేజీ టిక్కెట్టు అన్నాడు."

బండి బస్సు పైన వేస్తే లగేజీ కింద లెక్కట. దేవకుమారికి ఇది అస్సలు అర్థం కాలేదు. మనిషికి రాయితీ ఇచ్చేదీ రూలే, బండికి టిక్కెట్టు కొట్టేదీ రూలే. రెండూ ఒకే బస్సులో ఎలా కూర్చున్నాయి?

చొక్కాకి ఆ బురదేమిటని హెడ్మాస్టరు గారు అడిగితే, దారి బాగా తడిగా ఉందండి అన్నాడట జమలయ్య. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదట.

ఆఖరి పిరియడులో చౌడేశ్వరి వచ్చి దేవకుమారి బెంచీ పక్కన నిలబడింది. తిడుతుందని దేవకుమారి ఎదురుచూసింది.

"ఆ చొక్కా మా అమ్మ చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. నా బడికి వస్తున్నాడని" అంది చౌడేశ్వరి. అని వెళ్ళి తన చోట కూర్చుంది.

బడి వదిలాక దేవకుమారి హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, రేపు ఆయన వస్తే దిగమనాలాండి, వద్దాండి?"

ఆయనకి అప్పుడు విషయం తెలిసింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. దిగమనడం ఎలా కుదురుతుందమ్మా అన్నారు. వెంటనే, ఒకరిని వదిలితే రేపు సైకిళ్ళవాళ్ళంతా మమ్మల్నీ వదలమంటారే అన్నారు. చూద్దాంలే, ఆలోచించాలి అంటూ సైకిలు నడిపించుకుంటూ బయల్దేరారు. గీత దాటారు, గేటు దాటారు, రోడ్డు మలుపు దాకా వెళ్ళారు. సైకిలు ఎక్కడం మరిచిపోయారు.

పెద్దవాళ్ళకి కూడా తెలియని సంగతులు ఉంటాయని దేవకుమారికి ఆరోజే తెలిసింది. దాంతో ఇంకా భయం వేసింది.

రాత్రి భోజనాలకి ముందు వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన. నాన్న ప్రకాశం గారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. ప్రార్థన చివర ఎవరికి వాళ్ళు ఆరోజు చేసిన తప్పు చెప్పుకుని క్షమించమని అడగడం ఆయన పెట్టిన అలవాటు. దేవకుమారి వంతు వచ్చింది. కళ్ళు తెరిచి అమ్మ వైపు చూసింది.

"ఏంటమ్మా?" అంది అమ్మ విజయమ్మ.

జరిగింది చెప్పింది. "నేను రూలు తప్పలేదమ్మా. తప్పు చేసినట్టు మాత్రం ఉంది. ఏమని అడగాలి?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న చాప అంచు సరిచేస్తూ కూర్చున్నారు.

"నాకూ సరిగ్గా తెలీదు తల్లీ. తెలియనప్పుడు తెలియదనే చెప్పుకో. ప్రభువుకి అర్థమవుతుంది" అన్నారు చివరికి.

దేవకుమారి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నాకు తెలియడం లేదు" అంది. అంతే. ఆమెన్ అందరూ కలిసి అన్నారు.

మర్నాడు బెల్లుకి గంట ముందే బడికి వెళ్ళింది. ఎందుకో తనకే తెలియదు. గేటు దగ్గర నిలబడి నేల చూసింది.

బురద ఆరి గట్టిపడింది. మూడు చక్రాల జాడలు గేట్లోంచి వచ్చి, గీత దగ్గర ఆగిపోయాయి. గీత అవతల చక్రాలు లేవు. చెప్పుల జాడలు ఉన్నాయి, కుడీ ఎడమా, అడుగడుక్కీ లోతుగా. ఆ రెంటి మధ్య ఏదో బరువు ఈడ్చినట్టు వెడల్పాటి చార. అది ఆఫీసు మెట్ల దాకా పోయింది.

దేవకుమారి చాలాసేపు ఆ చార చూసింది. తర్వాత గొంతుక్కూర్చుని, వెనక చక్రాల జాడల మధ్య జానలు వేసింది. నాలుగు జానలు. అటొక జానా, ఇటొక జానా కలుపుకుంది.

ఇంటికి పరుగెత్తింది. క్రిస్మస్‌కి గోడలకి కొట్టగా మిగిలిన సున్నం డబ్బాలో ఉంది. అమ్మని అడిగి తెచ్చింది.

చెప్పు అంచుతో అడ్డగీతని మధ్యలో ఆరు జానల మేర చెరిపేసింది. అక్కడి నుంచి ఆఫీసు దాకా రెండు గీతలు వేయడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి చౌడేశ్వరి బస్సు దిగి వచ్చింది. కాసేపు నిలబడి చూసింది. సంచి పక్కన పెట్టి, ఏమీ అడగకుండా రెండో గీత అందుకుంది.

హనుమంతరావు సైకిలు మీద వచ్చి ఆగాడు.

"ఓహో, మాకు కొత్త రోడ్డు వేశారా?"

"నీది షెడ్డు వైపే అన్నా. దిగి నడవగలవుగా" అంది దేవకుమారి.

అతను ఏదో అనబోయాడు. తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. దిగి, షెడ్డు వైపు నడిచాడు.

హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. దేవకుమారి సున్నం అంటిన చేతులు వెనక్కి పెట్టుకుంది. అడగకుండా గీత చెరిపింది మరి. ఆయన ఎప్పటిలాగే దిగారు. కొత్త గీతల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. వాటి మీద అడుగు పడకుండా సైకిలు పక్కనుంచి నడిపించుకుపోయారు. ఒప్పుకున్నట్టా, కోపం వచ్చినట్టా? ఆమెకి అదీ తెలియలేదు.

పది గంటలకి బండి వచ్చింది. ఈసారి చొక్కా నీలం. జమలయ్య గీత దగ్గర ఆగి, అలవాటు పడ్డవాడిలా చెప్పుల కోసం చెయ్యి చాపాడు.

"వద్దు బాబాయ్. ఇలా రండి" అంది దేవకుమారి.

ఆయన రెండు గీతల వైపూ చూశాడు. మెల్లగా చేతి పెడళ్ళు తిప్పాడు. చక్రాలు గీతల మధ్య సరిగ్గా పట్టాయి. దేవకుమారి ఒక పక్కా, చౌడేశ్వరి ఒక పక్కా నడిచారు.

బండి ఆఫీసు ముందు ఆగింది. ఎదురుగా రెండు మెట్లు.

 మెట్ల సంగతి దేవకుమారి తలచుకోనే లేదు.

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. నరసింహారావు గారు పాసు ఫారమూ పెన్నూ పట్టుకుని బయటికి వచ్చారు. పంచె సర్దుకుని కింది మెట్టు మీద కూర్చున్నారు. ఫారం మోకాలి మీద పెట్టుకుని, "ఫొటో తెచ్చారా జమలయ్య గారూ?" అన్నారు.

సంతకాలు అవుతున్నంతసేపూ దేవకుమారి వాళ్ళ వైపు చూడలేదు. మెట్ల పక్కన కూర్చుని, సున్నం అంటిన చేతిని చాచి, వాటి ఎత్తు కొలుస్తూ ఉంది.

ఒక జానా. మళ్ళీ ఒక జానా.