పెన్నేరు మడి దగ్గర పిలుపు

ఏలూరులో ఆ పాత ఆయుర్వేద కాలేజీ మధ్యలో ఉన్న మూలికల తోటకి చెడ్డపేరు ఇప్పటిది కాదు. తోట నాటి నూరేళ్లు దాటిందట. చీకటి పడ్డాక లోపలి నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట... ఆ పేరుగలవాళ్లు ఎన్నాళ్లో బతకరట! రేపో మాపో డాక్టర్లయ్యే హాస్టల్ పిల్లలు కూడా దీపాలు పెట్టాక అటు తొంగిచూడరు.

పుష్పలతకి ఇదంతా తెలుసు. కాలేజీ ఆస్పత్రిలో కషాయాలు కాచే పని ఆమెది. మూడు వారాల కిందట భర్త శ్రీహరి పోయాడు. ఆవేళ నుంచి ఆమెకి ఏడుపు రాలేదు, నిద్రా రాలేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది. అంతే.

ఆ రాత్రి గిన్నెలు కడిగి, ఇంటికి బయల్దేరుతోంది. తోటలోంచి గొణుగుడు —

"పుష్పలత..."

ఇంకెవరైనా అయితే కాళ్లకి బుద్ధి చెప్పేవాళ్లే. పుష్పలతకి భయం కూడా వేయలేదు. 'నా వంతు వచ్చింది కాబోలు, మంచిదే' అనుకుంది. గేటు తోసుకుని లోపలికి నడిచింది.

మొక్కల మధ్య ఎవరో వంగి కూర్చున్నారు...

"పుష్పలత... నిద్ర పట్టడం లేదు..."

"ఎవరండీ?"

టార్చి వెలిగింది. తోటమాలి జిలానీ! చేతిలో పసుపు దారం.

"భయపెట్టానా అమ్మా? ఈ పెన్నేరు మొక్కకి, అదే అశ్వగంధకి, చెబుతున్నానండీ. పెద్ద వైద్యులుగారు నేర్పిన పద్ధతి. ముందురోజు రాత్రి దారం కట్టి, మందు ఎవరికో, బాధేంటో చెప్పుకోవాలి. తెల్లారగట్ల వేరు తీయాలి. చెప్పకుండా తీస్తే పనిచేయదు."

ఓస్, ఇంతేనా! ఆఖరి ఘడియల్లో మందుకొచ్చినవాళ్లు పోతే, నింద తోట మీద పడిందన్నమాట.

పుష్పలతకి నవ్వూ రాలేదు. వెనక్కి తిరగబోయి ఆగింది. నిద్ర సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

"మీకెవరు చెప్పారండీ?"

"మీ ఆయనేనమ్మా. నెల్లాళ్లు కొల్లేటికోటలో మా అమ్మాయి దగ్గరుండి, ఇవాళ మధ్యాహ్నమే బస్సు దిగానా... సాయంత్రం ఆయనొచ్చి ఈ గట్టు మీద కూర్చున్నారు. 'రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉంటోంది బాబాయ్ గారూ, పక్కనే ఉండి చూళ్లేకపోతున్నాను' అన్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. ఒంట్లో బాగుంటోందా అమ్మా?"

పోయారని చెప్పాలి. నోరు తెరిచింది... చెప్పలేదు. ఇన్నాళ్లకి భయం వేసింది — దాని వెనకాలే ఆశ.

"ఇంకేమన్నారండీ?" అంది గొంతు తగ్గించి.

"వేరు తీసే వేళకి వస్తానన్నారు."

పుష్పలత గట్టు మీద కూర్చుంది. కాస్త ఆగి, ఇంకో మనిషికి చోటుండేలా పక్కకి జరిగింది.