తొమ్మిదో గది బెల్లు

మార్చి పద్నాలుగు, ఆదివారం రాత్రి ఒంటిగంటా పది నిమిషాలు. మా చిన్నత్త అప్పుడు గడియారం చూసుకుని మరీ గుర్తుపెట్టుకుంది కాబట్టి ఇందులో నా కల్పనేమీ లేదు.

ఆ ఓల్డేజ్ హోమ్ మేడమీది తొమ్మిదో గదికి అప్పటికే చెడ్డపేరు వచ్చేసింది. అందులో ఉండే పెద్దావిడ పోయి నెలైంది. గది ఖాళీ. అయినా పొద్దుపోయాక అక్కడి బెల్లు మోగుతుంది... కింద ఆయాలు కూర్చునే చోట తొమ్మిదో నంబరు ఎర్రలైటు వెలుగుతుంది. మొదట్లో ఒకామె ధైర్యం చేసి నాలుగు మెట్లు ఎక్కింది. పైన టక్... టక్... అని వినిపించేసరికి ఎక్కినదానికన్నా వేగంగా దిగి, మర్నాడే ఉద్యోగం మానేసింది. మిగిలినవాళ్ళు ఆ లైటు మీద దేవుడి పటం అతికించి, టీవీ సౌండు పెంచుకున్నారు. ఆ స్వామి మాత్రం ఏం చేస్తాడు పాపం, రాత్రుళ్ళు ఎర్రగా వెలుగుతూ కూర్చున్నాడు.

చిన్నత్త ఉద్యోగమే ఇలాంటి హోములు రూలు ప్రకారం నడుస్తున్నాయో లేదో చూడటం. మూడు గదులకి ఒకటి చొప్పున బెల్లు నొక్కి చూడాలని రూలు. ఏ గదో రూలు చెప్పదు. ఆవిడ పద్ధతి గల మనిషి — మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. నాలుగేళ్ళుగా అవే. నొక్కగానే ఠంచనుగా మోగేవి. పన్నెండు గదులకీ కలిపి ఒకే సంతకం.

ఆ ధీమాతోనే, తుంటి విరిగి మంచం పట్టిన అత్తగారిని అక్కడ చేర్చడానికి ఒప్పుకుంది. తెల్లవారితే ప్రయాణం. పెట్టె సర్ది హాల్లో పెట్టేశారు. సొంతమనిషి చేరితే ఆ హోమ్ ఫైలు వేరే ఆఫీసరుకి ఇచ్చేయాలి. అందుకని ఆఖరిసారి, చెప్పాపెట్టకుండా వెళ్ళి కళ్ళారా చూసుకుందామనుకుంది. అత్తగారిని వదిలే చోటు కదా.

ఆయా ఆవిణ్ణి చూసి టీవీ కట్టేసి, రాత్రి చార్టు చేతికిచ్చింది. చిన్నత్త చదివింది. తొమ్మిదో గది — రెండు గంటలకు ఎడమ పక్కకు తిప్పాం, నీళ్ళు తాగారు, సుఖంగా నిద్రపోతున్నారు.

అప్పటికింకా ఒంటిగంటా పదే, రెండు కాలేదు. ఆ తాగినావిడ పోయి నెల.

ఇక్కడ పోయినవాళ్ళకి కూడా దాహమేస్తుందా అని అడిగింది చిన్నత్త. ఆయా నేలచూపులు చూసింది. నెల చార్టు ఒకటో తారీకునే పాతది చూసి నింపేస్తామనీ, ఎవరైనా పోయినా పేరు కొట్టేయడం మర్చిపోతామనీ గొణిగింది.

అంతలో...

బెల్లు మోగింది. పటం ఎర్రబడింది.

"పైకి మాత్రం వెళ్ళకండి మేడమ్," అంది ఆయా గుసగుసగా. "సంతకం కావాలంటే ఇక్కడే పెట్టెయ్యండి."

చిన్నత్త ఎక్కింది. స్తోత్రం చదువుకుందామంటే నోటికి సెక్షన్ నంబర్లు వచ్చాయి. వాటినే భక్తిగా చదువుకుంటూ పోయింది.

వరండా చీకటి. ఏడో గది... ఎనిమిదో గది... తొమ్మిదో గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

టక్.

టక్... టక్...

లోపల, ఖాళీ మంచం పక్కన — విరబోసుకున్న తెల్లజుట్టు. పొడుగాటి చెయ్యి. ఆ చెయ్యి గోడ వెంట పాకుతూ బెల్లు దగ్గరికి పోతోంది...

"ఎవరది?" అంది చిన్నత్త.

తల ఇటు తిరిగింది.

"వచ్చావా తల్లీ! పదకొండు నుంచీ నొక్కుతున్నా. మీకు చెవుడా, నిద్రా?"

ఎనిమిదో గది మామ్మగారు. చేతిలో వాకరు. టక్ టక్ అన్నది అదే. పక్క ఏడో గదిలో మాస్టారికి పక్క తడిసిందట. ఆయనకి నోరు పెగలదు. గోడ మీద వేళ్ళతో గీరితే ఈవిడే ఇంత దూరం నడిచొచ్చి నొక్కుతుందట — నెల్లాళ్ళుగా.

"మరి మీ గదిలో బెల్లు ఉందిగా మామ్మగారూ?"

"ఉంది, గోడకి అందంగా. మోగదు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు — ఈ నాలుగే బాగుచేయిస్తారు. తనిఖీకొచ్చే మహాతల్లి ఈ నాలుగే నొక్కుతుందట." మామ్మగారు ఊపిరి పీల్చుకుంది. "నువ్వు కొత్త ఆయావా?"

చిన్నత్త అవునంది. ఆ మాట అబద్ధమని తనకీ తెలుసు, దేవుడికీ తెలుసు. కిందికెళ్ళి ఆయాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇద్దరూ కలిసి మాస్టారి దుప్పట్లు మార్చారు. మాస్టారు చిన్నత్త వేలు పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత ఆవిడ పన్నెండు గదుల్లోనూ బెల్లు నొక్కింది. ఎనిమిది మోగలేదు.

తెల్లారేదాకా కూర్చుని రిపోర్టు రాసింది. మొదటి తప్పు కింద తన పేరే రాసుకుంది. హోమ్ పేరు రెండోది.

పొద్దున ఇంట్లో మామయ్య పెట్టె విప్పి, వాళ్ళమ్మ బట్టలు బీరువాలో పెట్టాడు. బజారుకెళ్ళి బెల్లు తెచ్చి మంచం పక్కన బిగించాడు. చిన్నత్త వంటింట్లో నిలబడి నొక్కించింది. పెరట్లో, స్నానాలగదిలో, మేడ మీద, వీధి గుమ్మంలో — ఒక్క చోటూ వదల్లేదు. అన్నిచోట్లా వినపడింది. సరే అనుకుని ఆఫీసుకి చెప్పులేసుకుంటుంటే మళ్ళీ మోగింది.

పరిగెత్తుకొచ్చింది.

"ఏం కావాలత్తయ్యా?"

అత్తగారు దిండు సర్దుకుని, తీరిగ్గా చూసింది.

"ఏమీ వద్దమ్మా. తనిఖీ."