తొమ్మిదో గుండు

మంగళవారం పొద్దున తేమ్స్ బురదలో సైలస్ ఓర్మ్ శవం దొరికింది. తాగి నీళ్ళలో పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఓర్మ్ జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆ సంగతి అడిగిన పోలీసు ఒక్కడూ లేడు.

"శవాన్ని వదిలెయ్. ఈ జోళ్ళు చూడు," అన్నాడు కర్నల్ ఫెన్విక్.

అది లండన్‌లో బోర్డు లేని ఒక ఆఫీసు. ఎనక్ ప్రిడ్డీ అక్కడ మూడేళ్ళుగా రహస్య ఏజెంటు. బల్ల మీద పెట్టిన తడి జోళ్ళను తిరగేసి చూశాడు. ఒక్క మేకు లేదు, అంతా దారంతో కుట్టిన మెత్తటి తోలు. ఎనక్‌కు వెంటనే అర్థమైంది. ఫిరంగి గుండ్లలో మందు కూరే కార్ఖానాలో మోకాలెత్తు ఎర్ర చెక్క అడ్డంగా ఉంటుంది. బయటి బూట్లు దానికి ఇవతలే విడవాలి, అవతల ఈ జోళ్ళే తొడగాలి. బూటు మేకు నేలకు గీసుకుని ఒక్క రవ్వ లేచిందంటే మనుషులతో సహా కప్పు ఎగిరిపోతుంది. ఆ జోళ్ళతో చెక్క దాటి బయటికి వచ్చినవాడు ఆ కార్ఖానా పుట్టాక లేడు.

"లోపలే చంపారు సార్. బండిలో వేసుకొచ్చి నదిలో పడేశారు," అన్నాడు ఎనక్.

"గేటు దగ్గర ఆ బండిని ఆపి అడిగే ధైర్యం ఎవడికీ లేకపోయింది. అంటే చేసినవాడు పెద్దవాడు. అలాంటి పెద్దవాళ్ళు అక్కడ అయిదుగురున్నారు."

కర్నల్ మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పాత గుండ్ల లోపల ఇనుము గరుకుగా ఉండేది. ఫిరంగి పేలిన అదురుకు లోపలి మందు ఆ గరుకుకు రాసుకుని, గుండు గొట్టంలోనే పేలిపోయేది. చచ్చేది శత్రువు కాదు, మనవాళ్ళే. గుండు లోపల అద్దంలా నున్నగా లక్క పూసే పద్ధతి కనిపెట్టింది ఓర్మ్. ఇంకో మూడు వారాల్లో, గురువారం, సైన్యపు కమిటీ ఎదుట పన్నెండు లక్క గుండ్లు కాల్చి చూపించాలి. పన్నెండూ సాఫీగా వెళితే సైన్యమంతటికీ అవే. ఒక్కటి గొట్టంలో పేలినా లక్కకు చెల్లుచీటీ, గుండ్ల బేరం పారిస్ వ్యాపారుల ముఠా ఎగరేసుకుపోతుంది. చావడానికి ముందురోజు ఓర్మ్ కర్నల్‌కు ఒక ఉత్తరం రాశాడు. లక్కలో ఎవరో గరుకు రాతిపొడి కలుపుతున్నారని అందులో ఉంది.

"పరీక్ష ఆపేస్తే సరిపోతుంది కదా సార్?"

"ఆపితే పారిస్ గెలిచినట్టే. గుండు ఏదో, మనిషి ఎవడో నాకు కావాలి. నీ మీద నాకు పెద్ద నమ్మకమేం లేదు ప్రిడ్డీ. వేరేవాడు ఖాళీగా లేక పంపుతున్నాను." కర్నల్ కాగితాలు సర్దుకుంటూ, ఏదో మరిచిపోయినవాడిలా మళ్ళీ అన్నాడు. "అన్నట్టు, ఆ రోజు గుండు దట్టించేది జేబెజ్ ప్రిడ్డీ. మీవాడే కదా?"

మరిచిపోయి అన్న మాట కాదది. గొడ్డుకు ముల్లుకర్ర గుచ్చినట్టు కావాలని గుచ్చాడు. ఎనక్‌కు ఒళ్ళు మండిపోయింది, కానీ టోపీ అందుకున్నాడు.

జేబెజ్ అతని తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఫిరంగి దగ్గర పనిచేసేవారు. నాలుగేళ్ళ కిందట ఒక పాత గుండు గొట్టంలో పేలింది. నలుగురు పోయారు, జేబెజ్‌కు ఎడమ చెవి పోయింది. ఎనక్ అప్పుడు నీళ్ళకు వెళ్ళి ఉండటంతో ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ తర్వాతి ఏడాది ఎనక్ ఫిరంగిదళం వదిలేశాడు. ఎందుకు వదిలాడో, ఎక్కడ చేరాడో చెప్పకూడని ఉద్యోగం. భయపడి పారిపోయాడని జేబెజ్ తీర్మానించుకున్నాడు. అప్పటినుంచి అన్నయ్యా అని పిలవడం మానేశాడు.

ఎనక్ దొంగపేరుతో లక్క పూసేవాడిగా కార్ఖానాలో చేరాడు. అక్కడ అతన్ని చూసి నవ్విన ముఖం ఒక్కటీ లేదు. కొత్తవాడంటే పైవాళ్ళ చెవి అని వాళ్ళ లెక్క. అతని రొట్టెలో బూడిద పోశారు, కుంచె వెంట్రుకలు కత్తిరించారు. అందరికన్నా పెద్ద శత్రువు గేటు దగ్గర సోదా చేసే మిసెస్ కెజియా మడ్జ్. అక్కడి బట్టలకు జేబులుండవు, గుండీలన్నీ ఎముకవే. అయినా ఆవిడ రోజూ అతన్ని చంకల దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా తడిమేది. ఓర్మ్ స్థానంలోకి వచ్చినందుకే అతనంటే ఆవిడకు మంట.

అధికారి ఆంబ్రోస్ పెల్‌కు మాత్రం సోదా లేదు, అధికారులకు ఉండదు. పెల్ పెద్ద డాబుమనిషి. లక్క గుండ్లు ఎంత భద్రమో చూపించాలని మందు కూరిన గుండును బంతిలా కాలితో తన్నేవాడు. బయటి ఆవరణలో, ఏటవాలు చెక్క మీదుగా గుండ్లు దొర్లుకుంటూ వస్తుంటే కింద నిలబడి బూటుతో టక్కున ఆపేవాడు. చూసిన విజిటర్లు చప్పట్లు కొట్టేవారు. అది చూసి పనివాళ్ళకూ అదే అలవాటైంది. పాత రోజుల్లో చంటిపిల్లలా ఎత్తుకున్న గుండ్లను ఇప్పుడు తన్నుకుంటూ తీసుకెళ్ళేవారు. లక్క మీద అంత ధీమా.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ఎనక్, కర్నల్ కుదిర్చిన మనిషిని కలవడానికి, గ్రేవ్‌సెండ్ ఊళ్ళో టీ, రొయ్యలు అమ్మే తోటకు వెళ్ళాడు. ఊదారంగు టోపీ కింద తోటలోని మగవాళ్ళందరి చూపులూ పోగేసుకుని కూర్చుంది మదాం ఒడిల్ వెర్నే. ఆఫీసర్ల భార్యలకు టోపీలు కుట్టడం ఆవిడ పైకి చెప్పుకునే పని. పారిస్ రహస్యాలు లండన్‌కు, లండన్ రహస్యాలు పారిస్‌కు అమ్మడం అసలు పని.

"ఈ ఏడాది రొయ్యలు సన్నగా ఉన్నాయండీ," అన్నాడు ఎనక్.

"మీసాలకేం తక్కువ లేదు," అంది ఆవిడ. కోడ్ సరిపోయింది. రొయ్య ఒలుస్తూనే చెప్పింది. పన్నెండింటిలో ఒక్క గుండుకే గరుకు లక్క పూశారట. అది ఏదో, పూయించింది ఎవరో పారిస్ తనకు చెప్పలేదట. అన్నిటికీ మందు కూరి, కమిటీ సీలు వేసేశారట. ఏ ఒక్క సీలు తెరిచినా పరీక్ష రద్దు.

"మీ వాళ్ళను నాకెందుకు పట్టిస్తున్నారు?"

"నా పని బాగా లేదని వాళ్ళు కసిరారు. నన్ను కసిరితే నాకు నచ్చదు," అంది. ఆవిడ నవ్వు ఎనక్‌కు నచ్చలేదు.

నచ్చకపోవడం సబబే అని మర్నాడు పొద్దున తేలిపోయింది. కర్నల్ అతనికి ఒక ఎముక విజిల్ ఇచ్చి ఉన్నాడు. గరుకు గుండు ఏదో తెలిసిన క్షణం అది ఊదితే కర్నల్ కాల్పులు ఆపిస్తాడు. ఊదకపోతే నువ్వెవరో నాకు తెలియదు, అని ముందే చెప్పాడు. ఎనక్ దాన్ని కుంచె పిడి తొలిచి అందులో దాచాడు. గేటు దగ్గర మిసెస్ మడ్జ్ తిన్నగా ఆ కుంచెనే లాక్కుని, మోకాలికి ఆనించి పిడి విరిచింది. కొత్తవాడి చేతిలో ఏమున్నా విరిచి చూడమని పైనుంచి చీటీ వచ్చిందట, కింద సంతకం లేదట.

"విజిల్ ఊది ఎవర్ని పిలుద్దామని? మీ అమ్మనా?" అంది మడ్జ్. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

మదాం అతని సంగతి పారిస్‌వాళ్ళకూ అమ్మేసిందన్నమాట. ఎనక్ జేబుల్లేని బట్టలతో, ఉత్త చేతులతో, పెల్ వరసగా పేర్పించిన పన్నెండు గుండ్లున్న బండి వెంట నడిచాడు.

నది ఒడ్డు మైదానంలో పదింటికి ఎర్రజెండా లేచింది. తాడుకంచె అవతల, మందపాటి దుంగల గోడ వెనక కమిటీ కూర్చుంది. అందులో కర్నల్ కూడా ఉన్నాడు, ఎనక్ వైపు కన్నెత్తి చూడలేదు. దూరంగా ఒక బగ్గీలో ఊదా టోపీ కనిపించింది. ఫిరంగి దగ్గర నిలబడ్డ జేబెజ్ అన్నను చూడగానే గుర్తుపట్టాడు. నేల మీద ఉమ్మేశాడు.

"ఫిరంగికి భయపడి పారిపోయి, ఇప్పుడు లక్క పూస్తున్నావా?"

వాడు చావకుండా ఉంటే చాలు, ఎంతైనా తిట్టుకోనీ అనుకున్నాడు ఎనక్.

బండిమీంచి గుండును ఏటవాలు చెక్క మీద వదిలే పని ఎనక్‌ది. కింద పెల్ బూటుతో ఆపుతాడు, కమిటీ వైపు తిరిగి చిరునవ్వు నవ్వుతాడు. గుండును ఫిరంగిలోకి ఎత్తి, కర్రతో దట్టిస్తాడు జేబెజ్. సార్జెంటు ఫిరంగి పేల్చే తాడు లాగుతాడు. మొదటి గుండు సాఫీగా వెళ్ళి బురదతిప్ప మీద పేలింది. రెండు, మూడు కూడా అంతే. ప్రతి గుండునూ ఎనక్ తిప్పి తిప్పి చూశాకే వదిలాడు. పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి. బరువు ఒకటే, సీలు ఒకటే. ఎనిమిదీ అయ్యాయి.

తొమ్మిదోది వదిలాడు. గుండు దడదడా దొర్లింది. పెల్ ఆపలేదు.

కాలు వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు పక్కకు జరిగి, అక్కడున్న ఒక దుంగ చాటుకు వెళ్ళి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గుండు వెళ్ళి గడ్డిలో ఆగింది. పెల్ కళ్ళు తెరిచి, కోటు దులుపుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ చిరునవ్వు నవ్వాడు. గుండును తన్నీ తన్నీ గోరంత భయం కూడా మిగలని ఆ కార్ఖానాలో, ఒక్క గుండుకు ఒక్క మనిషి భయపడ్డాడు.

ఎనక్ బండిమీంచి దూకేసరికి జేబెజ్ గుండును ఎత్తేశాడు. అరిచాడు ఎనక్, కానీ ఎనిమిది పేలుళ్ళయ్యాక ఎవడి చెవులు పనిచేస్తాయి? దట్టించడం అయిపోయింది. సార్జెంటు తాడు చేతికి చుట్టుకున్నాడు. ఎనక్ తాడుకంచె దాటి పరుగెత్తాడు. తాడు కోయడానికి కత్తి లేదు, ఊదడానికి విజిల్ లేదు. నేరుగా వెళ్ళి ఫిరంగి మూతికి ఛాతీ ఆనించి నిలబడ్డాడు.

సార్జెంటు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవడ్రా వీడు? లాగి అవతల పారెయ్యండి," అన్నాడు కమిటీలోని ముసలి జనరల్. కర్నల్ ఆకాశంలోకి చూస్తున్నాడు. జేబెజ్ వచ్చి అన్న మెడ పట్టుకున్నాడు.

ఎనక్ వాడి కుడి చెవి దగ్గర నోరు పెట్టాడు. "జేబ్, లోపల గరుకు గుండుంది. ఆ రోజు లాంటిదే. నన్ను తర్వాత కొట్టు."

జేబెజ్ పట్టు సడలించలేదు, కానీ లాగడం ఆపాడు.

ఎనక్ కమిటీ వైపు గొంతెత్తాడు. "నేను తప్పుకుంటాను సార్. ఒక్క మనవి. ఈసారి తాడు మిస్టర్ పెల్ లాగాలి. ఎనిమిది గుండ్లు బూటుతో ఆపాడు. తొమ్మిదోదాన్ని చూసి దుంగ చాటున ఎందుకు దాక్కున్నాడో నేనడగను. తాడు లాగితే చాలు."

జనరల్‌కు ఇది సరదాగా తోచింది. "న్యాయంగానే ఉంది. ఏమయ్యా పెల్, నీ గుండ్లే కదా. వచ్చి లాగు."

పెల్ ముఖం పాలిపోయింది. తను సైనికుణ్ణి కానన్నాడు, చెయ్యి బెణికిందన్నాడు. సార్జెంటు తాడు కొస అతని ముందు పెట్టాడు. పెల్ దాని వైపు ఒక్కడుగు వేసి, వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. కార్ఖానా నుంచి బండి వెంట వచ్చి, రాలిన మందు ఊడ్చే చీపురుతో నిలబడ్డ మిసెస్ మడ్జ్ ఆ చీపురు కర్రే అతని కాళ్ళకు అడ్డం పెట్టింది. బోర్లాపడ్డ మనిషి వీపు మీద తాపీగా కూర్చుంది.

"ఆరేళ్ళుగా ఈ కోటు సోదా చేయాలని నా చేతులు దురదపెడుతున్నాయి," అంటూ మొదలుపెట్టింది. పారిస్ ఉత్తరం లోపలి జేబులో దొరికింది. సోదాకు భయం లేని మనిషి కదా, దాన్ని తగలబెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. "ఓర్మ్‌ను జోళ్ళతో పంపావురా, బూట్లు కూడా తొడగకుండా," అంది మడ్జ్. ఎర్ర చెక్కకు ఇవతల మిగిలిపోయిన ఓర్మ్ బూట్లను ఆవిడ మూడు వారాలుగా చూస్తూనే ఉంది.

గుండును బయటికి తీయాల్సింది ఇంకా మిగిలే ఉంది. మిగతావాళ్ళను దూరంగా పంపేశారు. ఎనక్, జేబెజ్ ఇద్దరే ఫిరంగిలో నీళ్ళు పోసి, మందు నానాక మూతిని కిందికి వంచారు. గుండు అంగుళం అంగుళం జారుతూ వచ్చి నాలుగు చేతుల్లో పడింది. ఇద్దరూ దాన్ని నీళ్ళ తొట్టిలోకి దించారు. సీలు తీసి, లోపలి మందంతా కడిగేశాక మిసెస్ మడ్జ్ బొటనవేలు లోపలికి పెట్టి తిప్పింది. బయటికి తీస్తే వేలి చివర చర్మం లేచిపోయి ఉంది. ఆవిడ ఆ వేలిని జనరల్ ముఖం ముందు పెట్టింది.

మిగిలిన మూడూ సాఫీగా వెళ్ళాయి. బగ్గీ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

"ఇంతకీ ఆ మదాం ఎవరి పక్క?" అన్నాడు కర్నల్, ఇప్పుడు ఎనక్ ఎవరో గుర్తొచ్చినట్టుంది.

"గెలిచినవాళ్ళ పక్క సార్. మీలాగే."

కర్నల్ విననట్టు వెళ్ళిపోయాడు. జేబెజ్ ఫిరంగి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. అన్నను ఎగాదిగా చూశాడు, కోపం తగ్గిన ముఖమేం కాదది.

"అన్నయ్యా," అన్నాడు చివరికి. "పారిపోకుండా నిలబడటానికి నీకు ఇంకో చోటే దొరకలేదా?"