పురుగు తొలిచిన దారి

"ఆగు! కాల్చేస్తా!"

జనెత్తా ఆగదు.

వెనిస్ సందుల్లో మోకాలి లోతు నీళ్లు. మిట్టమధ్యాహ్నం. వరద సైరన్ మోగుతూనే ఉంది. ఆమె చంకలో తోలు తొడిగిన పాత చెక్క అట్ట ఒకటి... పోలీస్ స్టోర్ రూమ్ నుంచి ఇప్పుడే ఎత్తుకొచ్చింది!

వెనకే కెప్టెన్ సార్తోరి.

"దొంగ కూతురు దొంగే అనిపించుకున్నావ్!"

ఆ మాట వీపులో దిగుతుంది. ఇరవై ఏళ్ల కిందట మఠం లైబ్రరీలో ఐదొందల ఏళ్ల నాటి అచ్చుపుస్తకం మాయమైంది. దాని పై అట్ట మాత్రం బైండింగ్ చేసే నాన్న బల్ల మీద దొరికింది. నాన్న జైల్లోనే పోయాడు.

ఆ పుస్తకం ఇవాళ అమ్మకానికొచ్చింది!

దఢాల్! కొర్రాదో షాపు తలుపు తన్ని లోపలికి దూకుతుంది.

పాత పుస్తకాల వ్యాపారి కొర్రాదో తాపీగా నవ్వుతాడు. "రా తల్లీ. మొదటి ముద్రణ, కొత్త బైండింగ్. చూసి పో."

సార్తోరి పిస్టల్ ఆమె తలకి గురిపెట్టి ఉంది.

"ఒక్క నిమిషం కెప్టెన్! తర్వాత మీ ఇష్టం. ఈ అట్టకి పురుగు తొలిచిన చిల్లుంది. పురుగు అట్టతో ఆగదు, పుటల్లోకీ పోతుంది. ఇది ఈ పుస్తకానిదే అయితే నాన్న బైండింగ్ కుట్టిన ఈ సూది లోపలికి దిగాలి."

బల్ల మీది పుస్తకం తెరిచి, మొదటి పుట మీద అట్ట పెట్టి, చిల్లులో సూది గుచ్చుతుంది.

ఆగిపోయింది! పుటకి చిల్లే లేదు.

కొర్రాదో పగలబడి నవ్వుతాడు. "తండ్రిని మించిన బిడ్డ!"

అయినా జనెత్తా ఆకులు తిప్పుతుంది. ఒకటి... రెండు... ఎనిమిది...

తొమ్మిదో ఆకు. చిల్లు!

ఎనిమిదీ పక్కకి తిప్పి, దాని మీద అట్ట పెట్టి నొక్కుతుంది. సూది సర్రున దిగిపోయింది!

"పురుగు ఎనిమిది ఆకులు గెంతేసిందా కొర్రాదో? మఠం ముద్రలు కొట్టేది మొదటి ఆకుల మీదే! వాటిని పీకేసి, వేరే ప్రతిలోవి కుట్టావు. ముద్రకి భయపడ్డావు, పురుగుని మరిచావు!"

కొర్రాదో నవ్వు ఆగుతుంది. సొరుగు లాగుతాడు. పిస్టల్!

జనెత్తా ఎదురుగా నిలబడుతుంది. "కాల్చు! ఆ చిల్లులోనూ ఎవరో ఒకరు సూది పెట్టి చూస్తారు!"

ఢాం!

కొర్రాదో చేతిలోంచి పిస్టల్ ఎగిరి నీళ్లలో పడుతుంది. వేళ్ల మధ్య నెత్తురు. పొగ వస్తున్నది... సార్తోరి పిస్టల్ నుంచి!

"మీ నాన్నగారి పేరు చెప్పమ్మా. రిపోర్ట్ రాయాలి."

"మీ ఫైల్లోనే ఉంది. పక్కన 'దొంగ' అని ఉంటుంది. ముందు అది కొట్టేయండి!"