ఏడో నంబరు ట్రక్కాయన

"మోతంటే మామూలు మోత కాదు పిల్లా! తారు రోడ్డు ఎక్కితే చాలు, గూం... అని ఒకటే గోల. రేడియో పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే!"

మొక్కల ఆంటీ ట్రక్కు దిగి చేతులు ఊపుతూ చెబుతోంది. ఆమెది మొక్కలమ్మే నర్సరీ. పిచ్చుక పక్కనే నిలబడి నోట్‌బుక్‌లో రాసుకుంటోంది.

"మరి బురదలో ఈ టైర్లు ఎలా ఉన్నాయి ఆంటీ?"

"బురదలో వీటిని మించినవి లేవు! మొన్నటి వానకి తోట దారంతా మోకాలి లోతు బురద. నేను జామ్మని వెళ్లిపోయాను. ఒక్క మొక్క ఒరిగితే ఒట్టు!"

'బురదలో భేష్, రోడ్డు మీద గోల' అని రాసుకుంది పిచ్చుక.

పిచ్చుకకి అసలు పేరు వేరే ఉంది. స్కూలు రిజిస్టరులో తప్ప దాన్ని ఎవరూ వాడరు. వయసు పదేళ్లు, చదివేది ఐదో తరగతి. వాళ్లమ్మకి టైర్ల షాపు ఉంది. జాకీ ఎక్కించడం, చక్రం ఊడదీయడం, కొత్త టైరు వేయడం అన్నీ అమ్మే చేస్తుంది. అమ్మ బోల్టు బిగించిందంటే ఇక దాని గురించి నిశ్చింతగా ఉండొచ్చని అందరూ అంటారు.

టీచరు ఆ వారం ఒక హోంవర్క్ ఇచ్చింది. ఏదైనా ఒక వస్తువు గురించి, దాన్ని వాడుతున్న పదిమందిని అడగాలి. వాళ్లు చెప్పింది చార్టు మీద రాయాలి. క్లాసులో చాలామంది గొడుగులు, పెన్నులు, చెప్పులు అన్నారు. పిచ్చుక మాత్రం బురద టైర్లు అంది.

బురద టైర్ల మీద పిడికిలంత గుబ్బలుంటాయి. గుబ్బల మధ్య వెడల్పాటి సందులుంటాయి. ట్రక్కు బురదలోకి దిగినప్పుడు గుబ్బలు నేలను గట్టిగా పట్టుకుంటాయి, సందులు బురదను వెనక్కి విసిరికొడతాయి. వెనకాల నిలబడ్డవాళ్లకి స్నానం ఉచితం.

ఆ శనివారం పిచ్చుక నలుగురిని అడిగింది. మొదట మొక్కల ఆంటీ. తర్వాత ఇటుకల మామయ్య, "దిగబడటం మానేసింది కానీ డీజిల్‌ని మంచినీళ్లలా తాగేస్తోందమ్మా" అన్నాడు. కట్టెల అన్నకి గుబ్బల సందుల్లో ఇరుక్కున్న రాళ్లు పీక్కోవడంతోనే ఆదివారాలు గడిచిపోతున్నాయట. పశువుల డాక్టరు గారు చాలాసేపు ఆలోచించి, "కుదుపు ఎక్కువే. కావాలంటే వెనకున్న దూడని అడుగు" అన్నారు. పిచ్చుక దూడని కూడా అడిగింది. అది పెన్సిల్ కొరికింది.

ఆదివారం షాపుకి ఒక్క ట్రక్కూ రాలేదు. మూడు గంటలకి వీధి చివర పిల్లల అరుపులు మొదలయ్యాయి. "పిచ్చుకా, ఆటకి వస్తావా రావా?"

ఇంకా ఆరుగురు మిగిలారు. చార్టు రేపే ఇవ్వాలి. పిచ్చుక వీధి వైపు చూసింది, చార్టు వైపు చూసింది. పెన్సిల్ తీసింది.

ఐదు: చాలా బాగున్నాయి. ఆరు: చాలా చాలా బాగున్నాయి. ఏడుకి వచ్చేసరికి చెయ్యి ఊపందుకుంది. 'రోడ్డు మీద చప్పుడే ఉండదు. ఉయ్యాలలో పడుకున్నట్టు ఉంటుంది' అని రాసేసింది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఏడో నంబరు మాటే మాట అన్నట్టు రాసింది. ఐదు నిమిషాల్లో పని పూర్తయింది. పిచ్చుక వీధిలోకి ఒకటే పరుగు.

సోమవారం టీచరు మెచ్చుకుని, చార్టు మీద పెద్ద స్టార్ వేసింది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, షాపు గోడకి మేకు కొట్టి మరీ తగిలించింది.

"రోజూ వీటిని అమ్మేది నేనే. ఈ ఉయ్యాల సంగతి నాకు తెలియనే లేదే!" అంది. పిచ్చుక పళ్లన్నీ బయటపెట్టి నవ్వేసింది.

గురువారం సాయంత్రం తేనె తాత వచ్చాడు. తేనెటీగల పెట్టెలను ట్రక్కులో ఎక్కించుకుని, పూలున్న చోటికల్లా తిరగడమే ఆయన పని.

"నలభై పెట్టెలమ్మాయ్" అన్నాడు అమ్మతో. "రేపు పొద్దున్నే పొద్దుతిరుగుడు తోటలకి తీసుకెళ్లాలి. రెండు గంటలు తారు రోడ్డు, చివర్లో ఒకటే బురద. పోయినసారి అక్కడే దిగబడ్డాను. బురద టైర్లు వేయించుకుందామా అని."

"దిగబడరు బాబాయ్. కానీ రోడ్డు మీద మోత, అదురు ఉంటాయి. మీ ఈగలకి పడుతుందా?"

"నా భయం కూడా అదే. ఒకసారి గతుకుల్లో కుదిపేస్తే తేనెపట్లు విరిగిపడ్డాయి. రెండు పెట్టెల్లో రాణి ఈగలు చచ్చిపోయాయి. రాణి పోతే మిగతావి దిక్కులేనివే. ఇక ఉన్నవన్నీ కోపమొచ్చి నా మీద పడ్డాయి. మూడు రోజులు గుమ్మడికాయంత మొహంతో తిరిగాను!"

పిచ్చుక కిసుక్కున నవ్వింది. తాత కూడా నవ్వాడు. అంతలో ఆయన చూపు గోడ మీద పడింది. కళ్లజోడు సర్దుకుని చార్టంతా చదివాడు.

"నలుగురేదో వంకలు పెట్టారు కానీ, ఆరుగురు బ్రహ్మాండం అంటున్నారే! ఈ ఏడో ఆయన చూడు, ఉయ్యాలట!"

"నాకూ వింతగానే ఉంది బాబాయ్" అంది అమ్మ. "కొన్ని ట్రక్కులకి మెత్తగానే ఉంటాయేమో. మా పిచ్చుక అందరినీ అడిగే రాసింది. ఆరుగురు చెప్పాక ఇంక కాదనడానికి నేనెవర్ని?"

"అయితే వేసెయ్ అమ్మాయ్!"

అమ్మ జాకీ ఎక్కించింది. తాత పిచ్చుక పక్కన కూర్చున్నాడు.

"ఏడో ఆయనది ఏ ట్రక్కు పిల్లా?"

"ఎ... ఎర్రది తాతా."

"మనిషి ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా. మీసాలు కూడా ఉన్నాయి."

"ఎక్కడుంటాడు? ఒకసారి కలవాలి."

"చా...లా దూరం."

చూశారా, లేని మనిషికి ట్రక్కొచ్చింది, మీసాలొచ్చాయి, ఇల్లు కూడా వచ్చేసింది. పిచ్చుకకి మాత్రం నవ్వు రావడం లేదు. రేపు పొద్దున్న నలభై పెట్టెలు ఆ టైర్ల మీద ఎక్కుతాయి. నలభై రాణులు. తాత మొహం వైపు చూడలేకపోయింది.

మొదటి చక్రం బిగించడానికి అమ్మ గాలి గన్ను తీసుకుంది. డుర్ర్ర్...

"అమ్మా, ఆగు!"

డుర్ర్ర్...

"అమ్మా! ఆయన..."

డుర్ర్ర్...

పిచ్చుక కళ్లు గట్టిగా మూసుకుని, గొంతు చించుకుని అరిచింది. "ఏడో ఆయన లేడూ!"

సరిగ్గా అప్పుడే గన్ను ఆగింది.

"అయ్యయ్యో, పోయాడా! ఎప్పుడు?" అన్నాడు తాత.

"పోలేదు తాతా. అసలు లేనే లేడు. ఎనిమిదో ఆయన, తొమ్మిదో ఆయన కూడా లేరు. ఐదు నుంచి పది దాకా నేనే రాశాను. ఆటకి ఆలస్యమవుతోందని." అంతే, ఏడుపు ముంచుకొచ్చింది.

అమ్మ బిగించిన చక్రాన్ని మళ్లీ విప్పింది. చేతులు తుడుచుకుని పిచ్చుక ముందు గొంతుక్కూర్చుంది.

"వీటి మోత నేను రోజూ వింటాను. అయినా నువ్వు రాశావని, నా చెవుల్ని కాదని నీ మాట నమ్మాను" అంది.

తిట్టినా బాగుండేది అనిపించింది పిచ్చుకకి. "ఇంకెప్పుడూ అలా రాయనమ్మా" అంది వెక్కుతూ. అమ్మ చెంగుతో ఆమె ముక్కు తుడిచింది.

"నిజంగా ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా ఇందులో?" అని అడిగాడు తాత.

"మొదటి నలుగురూ ఉన్నారు తాతా. మొక్కల ఆంటీ ఇక్కడికి దగ్గరే."

అమ్మ ఫోన్ చేసింది. పది నిమిషాల్లో ఆంటీ రానూ వచ్చింది. వచ్చేముందే మోత వచ్చింది. తాత నిండా నీళ్లు పోసిన గ్లాసు పట్టుకుని ఆమె పక్కన ఎక్కాడు. తారు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చారు. దిగేటప్పటికి గ్లాసు ఖాళీ, తాత చొక్కా నిండా తడి.

"ఉయ్యాలేనమ్మా ఇది!" అన్నాడు తాత చొక్కా పిండుకుంటూ. "నా చేతిలో నీళ్లే నిలవలేదు, ఇంక నా రాణులేం నిలుస్తాయి!"

అందరూ నవ్వారు. ముక్కు ఎగబీలుస్తూనే పిచ్చుకా నవ్వింది.

చివరికి ఆంటీయే ఒక ఉపాయం చెప్పింది. "రోడ్డంతా మీ మామూలు టైర్ల మీదే మెల్లగా రండి. బురద మొదలయ్యే చోట నేనుంటాను. పెట్టెలు నా ట్రక్కులోకి మార్చుకుందాం. బురదలో నడకంత నెమ్మదిగా పోతాం కాబట్టి అదురుండదు."

మర్నాడు సాయంత్రం తాత ఫోన్ చేశాడు. నలభై పెట్టెలూ క్షేమం. ఒక్క ఈగ కూడా కుట్టలేదట. పిచ్చుక ఫోన్ పట్టుకునే షాపంతా గంతులేసింది.

సోమవారం చార్టు మీద ఐదు నుంచి పది దాకా తనే కొట్టేసి, టీచరుకి జరిగిందంతా చెప్పింది. టీచరు స్టార్ తీసేసింది. "మిగతా ఆరుగురినీ ఎప్పుడు అడుగుతావు?" అంది. "వాళ్లు వచ్చినప్పుడు టీచర్" అంది పిచ్చుక.

ఆ శనివారం మధ్యాహ్నం నీలం ట్రక్కు ఒకటి వచ్చింది. అమ్మ నాలుగు బురద టైర్లూ వేసింది. నడిపే అన్న హడావిడిగా ఎక్కుతుంటే పిచ్చుక నోట్‌బుక్‌తో పరుగెత్తుకెళ్లింది.

"అన్నా, ఈ టైర్లు ఎలా ఉన్నాయో తర్వాత చెప్పరూ?"

"బాగున్నాయని రాసేసుకో చెల్లీ. నాకు పనుంది."

వీధి చివర ఆట మొదలైపోయింది. "పిచ్చుకా, వస్తావా రావా?" అని కేకలు వినిపిస్తున్నాయి.

"మీరింకా వీటి మీద ఒక్క అడుగైనా వెళ్లలేదు కదన్నా" అంది పిచ్చుక. "నడిపి చూసి, మళ్లీ వచ్చినప్పుడు చెప్పండి. బాగాలేకపోయినా సరే."

ఆ అన్న ఆమె వైపు వింతగా చూశాడు. తర్వాత నవ్వి, "సరే, బురదలో దిగొచ్చి చెబుతాలే" అంటూ వెళ్లిపోయాడు. పిచ్చుక టైర్ల దొంతర మీద కూర్చుని, చార్టు ఒళ్లో పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఐదు: నీలం ట్రక్కు అన్న. ఇంకా చెప్పలేదు.