ఒక్క అంకె మారిస్తే

నానక్‌రామ్‌గూడలో పొద్దున ఏడున్నరకే షేర్ ఆటోల హారన్లు మొదలవుతాయి. ఆ రోజు వాటికన్నా గట్టిగా ఐలయ్య గొంతు మోగింది. జలమండలిలో ముప్పై ఏళ్లు పైపుల లీకులు పట్టి, పోయినేడు రిటైరైన మనిషి. చేతిలో ఫోన్‌తో కూతురి మీద విరుచుకుపడ్డాడు.

“ల్యాబోళ్లు ఫోన్ జేసిన్రు. వాళ్ల కంప్యూటర్ల దూరినవంట, పోలీస్ కేసంటున్నరు. ఏం జేసినవే?”

టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న రేఖ తండ్రి వైపు తిరిగింది. “దూరలేదు నాయినా. అమ్మ షుగర్ రిపోర్టుకు వాళ్లు పంపిన లింకు తెరిచిన. చివరల నంబర్ ఉంది. ఒక్క అంకె మారిస్తే ఏమైతదో అని చూసిన. ఇంకెవరిదో రిపోర్టు వచ్చింది. ఎమ్మటే మూసేసి, వాళ్లకు మెయిల్ పెట్టిన.”

“ఎందుకు మార్చినవ్?”

ముట్టుకోవద్దన్నదే ముట్టుకోవడం రేఖకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. కొత్త కుక్కర్ విప్పి చూసి తన్నులు తిన్న ఘనత కూడా ఉంది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నిక్షేపంగా సాగుతోంది. అయినా ఏడాదిగా ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకుంటోంది. దొంగలకంటే ముందే మా వెబ్‌సైట్లో లోపాలు వెతికి పెట్టమని కంపెనీలే పిలిచి అప్పగించే పని అది. మణికొండలో ఒక చిన్న కంపెనీ ఆ పనికి రమ్మంది. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి.

అడ్డం ఇంట్లోవాళ్లే అయితే బతిమాలుకునేది. ఈ పని తనకు నప్పుతుందా అన్న భయమే ఎక్కువ. ఆ రంగంలో ఉన్నవాళ్లంతా చురుకైన బుర్రలు. తనకేమో ఒక్క లోపం దొరకడానికి వారం పడుతుంది.

“ఉన్న నౌకరి ఇడిసి గా కన్నమేసుడు కొలువెందుకే?” అని తల్లి బుచ్చమ్మ కళ్లొత్తుకుంది.

“నడువు, మాఫీ అడుగుదాం,” అన్నాడు ఐలయ్య చెప్పులేసుకుంటూ.

కొండాపూర్‌లోని ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో మేనేజర్ శ్యామ్ వాళ్లెవరో తెలియగానే గొంతు పెంచాడు. “చదువుకున్న పిల్లవు, దొంగ పనులేంది?”

ఐలయ్య చేతులు జోడించబోయాడు. ఏ ఆఫీసర్ ముందూ తల వంచని తండ్రి తన మూలంగా వంచుతున్నాడని రేఖకు దుఃఖం పొంగుకొచ్చింది. అంతలో ల్యాబ్ యజమాని డాక్టర్ భార్గవి తన గదిలోంచి వచ్చింది. రేఖ రాసిన మెయిల్ ప్రింటు ఆవిడ చేతిలో ఉంది.

“ఒక రిపోర్టు చూశానని మీరే రాశారు. ఇంకెన్ని చూశారండీ?”

“ఒక్కటే మేడం. పేరు కనబడంగనే మూసేసిన.”

“ఎందుకూ? అన్నీ తెరుచుకునేవేగా?”

“ఒకటి చూస్తే మీ తలుపు తెరిచుందని తెలిసింది. రెండోది చూస్తే నేనే దొంగనైత. నిజానికి మొదటిది గూడ మిమ్మల్ని అడగకుండ చూసుడు తప్పే. అందుకే దాచకుండ రాసిన.”

ఐలయ్య చేతులు దించేశాడు.

“జర ఆగుండ్రి మేడం. నేను రోడ్డు మీద ఇనుప కడ్డీ ఆనిచ్చి, చెవి పెట్టి, లోపల లీకు యాడుందో విని పట్టెటోణ్ని. దొరికిన తాన సుద్దతోని గీత గీసి ఆఫీసుల చెప్పేది. పర్మిషన్ కాయిదం రాకుంట గడ్డపార ముట్టలే. లీకు జూపినందుకు నన్నెవ్వడు దొంగ అనలే. ఒక్కో లీకుకు వారం దినాలు చెవి పెట్టి కూసున్న. నా బిడ్డ జేసింది గదే గదా!”

రేఖ ఉలిక్కిపడి తండ్రిని చూసింది. ఆయనకీ వారమే పట్టేది! ఆలస్యం తన చేతకానితనం అనుకుని ఇన్నాళ్లూ కుమిలిపోయింది.

“నేను అనుమతిస్తున్నా. నా రిపోర్టు నంబరు ఇదీ. చూపించండి,” అంది భార్గవి.

రేఖ తన ఫోన్‌లో అమ్మ రిపోర్టు లింకు తెరిచి అంకెలు మార్చింది. ఏ పాస్‌వర్డూ అడక్కుండా డాక్టరమ్మ రిపోర్టు తెరమీద ప్రత్యక్షమైంది. శ్యామ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“లింకులన్నీ ఇప్పుడే ఆపేయండి శ్యామ్,” అని భార్గవి రేఖ వైపు తిరిగింది. “క్షమించమ్మా. మా వెబ్‌సైటంతా ఇలాగే వెతికి పెడతావా? కాగితం మీద రాసిస్తాను.”

“మా కంపెనీతోని రాసుకోండి మేడం. మణికొండలనే ఉంది. నేనే వస్త.”

ఐలయ్య నోరు తెరిచాడు. “మీ కంపెనీయా? దాంట్ల ఎప్పుడు చేరినవే?”

“ఇప్పుడే నాయినా.”

ఐలయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. అందరూ చూస్తుండగానే కూతుర్ని దగ్గరకు లాక్కుని, “ఇగ ఫికర్ లేదు. మీ అమ్మకు నేను జెప్త,” అన్నాడు.