అమ్మినవాడి పలుపు

పుంగనూరు పశువుల సంత వెనక, తుప్పల్లో, మునిరాజు శవం. మెడ చుట్టూ సన్నటి తీగ కోసిన గాటు. పక్కనే ఆ పొద్దున అతను అమ్మిన ఎద్దుల జత, పొట్టలు చీల్చేసి ఉన్నాయి. పేగుల మీద ఈగలు.

ఏజెంట్ ముక్తియార్ ఫోటోను బల్ల మీద బోర్లించాడు. 1943 ఎండాకాలం. మదనపల్లె బంగళాలో అతని ఎదురుగా కర్నల్ రాబిన్స్ కూర్చుని ఆమ్లెట్ తింటున్నాడు. ఆ ఫోటో పక్కన ఆమ్లెట్ ఎలా దిగుతుందో ముక్తియార్‌కు అర్థం కాలేదు.

"కోలారు గనుల్లో కొట్టేసిన బంగారం," అన్నాడు కర్నల్. "కుప్పం షావుకారు ఒకడు దాన్ని ఎవరివో పశువుల మీద దాచి సంతకు పంపుతాడు. గోవా ముఠా ఆ పశువుల్ని కొంటుంది. గోవాలో శత్రువులకు అమ్మితే, ఆ సొమ్ము తిరిగొచ్చి మద్రాసు హార్బర్‌లో వాళ్ల గూఢచారులకు జీతాలవుతుంది. ఈసారి సరుకు దొరకలేదు. షావుకారు భయపడి విషం తాగి చచ్చాడు. ఎక్కడ దాచాడో వాడికొక్కడికే తెలుసు."

"మునిరాజుకు?"

"ఏమీ తెలియదు. పాపం, ఎద్దులవాడు. నాకు బంగారం కావాలి."

"హంతకుడు?"

"దొరికితే సంతోషం," అని కర్నల్ ఒక సుత్తి అందించాడు. పిడిలో ఒకే ఒక బుల్లెట్, మీట నొక్కితే పేలుతుంది. లండన్ సరుకు. "అక్కడ మన మనిషి మిస్ లోలా. బెంగళూరు క్లబ్బుల్లో పాటలు పాడేది. ఇప్పుడు ముఠాలో చేరి మనకు కబుర్లు పంపుతోంది."

ఎద్దులకు లాడాలు కొట్టే సాయిబు వేషంలో ముక్తియార్ పుంగనూరులో దిగాడు. అది పెద్ద వేషమేం కాదు. వాయల్పాడులో అతని తండ్రి బతుకంతా చేసిన పని అదే. అందుకే ఫోటోలో కర్నల్ చూడనిది ఒకటి అతనికి కనబడింది. చచ్చిన ఎద్దుల మెడల్లో పలుపుతాళ్లు కొత్తవి.

"పాత పలుపులు యాడుండాయి అన్నా?" అని పశువుల దళారి ఘనిని అడిగాడు.

"అదేం మాటప్పా! గొడ్డునమ్ముతారు గానీ పలుపునమ్ముతారా? మునిరాజు ఇప్పేసి పెండ్లాం సిద్దమ్మ సేతికిచ్చినాడు. ఆయమ్మ అప్పుడే బండెక్కి శాంతిపురం పాయె. కుప్పం షావుకారు ముచ్చటపడి ఇచ్చిన పలుపులంట. కుచ్చులూ గవ్వలూ, శానా బరువు!"

బంగారం ఎక్కడుందో ముక్తియార్‌కు అర్థమైంది. సరుకేదని ముఠా గొంతు నులుముతుంటే, సరుకంటే ఏమిటో కూడా తెలియక చచ్చిపోయాడు మునిరాజు. పలుపు పోతే కొట్టంలో లక్ష్మి పోతుందని దాచుకోవడమే అతను చేసిన నేరం. ఈ ఆచారం ముఠాలో ఒక్కరికీ తెలియదు.

బస్టాండులో తెల్లచీర కట్టిన ఆస్పత్రి నర్సమ్మ ఎదురైంది. కళ్లు తిప్పుకోలేని అందం. చేతికి వెడల్పాటి వెండి కడియం.

"ఈ ఏడు చింత కాసిందా?"

"పూతే రాలిపోయింది," అన్నాడు ముక్తియార్. కోడ్ సరిపోయింది. విన్నదంతా చెప్పాడు.

"శభాష్! కర్నల్‌కు టెలిగ్రాం నేనిస్తాను. నువ్విక్కడే ఉండు," అంటూ లోలా కడియాన్ని గుండ్రంగా తిప్పుకుంది.

గంట తరువాత, పోలీసుల్ని కూడా పంపమని ఇంకో మాట చేర్చాలనిపించి అతను టెలిగ్రాఫ్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడికి ఏ నర్సమ్మా రాలేదన్నారు.

ముక్తియార్ తనను తానే బూతులు తిట్టుకున్నాడు. సిద్దమ్మ ఇంటి దారి చూపించింది తనే. కుప్పం పోయే మిలిటరీ లారీకి అడ్డం పడి ఎక్కాడు.

శాంతిపురంలో అతను కొట్టంలోకి తొంగిచూసేసరికి సిద్దమ్మ పెయ్యకు కట్టిన పలుపును రెండు చేతులా పట్టుకుని ఉంది. రెండోది గూటానికి వేలాడుతోంది.

"వంద రూపాయలిస్తానమ్మా, రెండూ ఇచ్చెయ్యి," అంటోంది లోలా తీయగా.

"పాత తాడుకు అంత దుడ్డు యాలమ్మా? మా ఇంటాయన కడాకు నా సేతికిచ్చింది ఇదే. ఇయ్యను."

ఆమె ముడి బిగించడానికి వంగింది. లోలా కడియం లోంచి సన్నటి ఉక్కు తీగ సర్రున బయటికొచ్చింది. ఫోటోలోని గాటు ఎవరి పనో ముక్తియార్‌కు అప్పుడు తెలిసింది. తీగ సిద్దమ్మ మెడకు తగలబోతుండగా సుత్తి ఎత్తి మీట నొక్కాడు.

టిక్.

పేలలేదు. లండన్ సరుకును మనసారా తిట్టి, దాన్ని మామూలు సుత్తిలాగే విసిరాడు. లోలా మణికట్టు పటుక్కుమంది. సుత్తిగా మాత్రం బాగానే పనిచేసింది.

పలుపుల పురి విప్పితే నార మధ్యలో పుల్లంత లావు బంగారు తీగలు. సిద్దమ్మ వాటివైపు రోతగా చూసింది.

"వీటి కోసరమా ఆయప్పను సంపినారు? ఎత్తకపో. నా పలుపులు నాకిచ్చిపోప్పా."

ముక్తియార్ అక్కడే కూర్చుని నారను మళ్లీ పేనాడు. ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

మదనపల్లె బంగళాలో లోలా చేతికి కట్టుతో నిమ్మకాయ సోడా తాగుతోంది.

"చాలా రహస్యాలు తెలిసిన మనిషి," అన్నాడు కర్నల్. "ఉరితీస్తే అవన్నీ దండగ. వచ్చే వారం నుంచి కలకత్తాలో మన పనే చేస్తుంది. జీతం పెంచాం."

"మరి మునిరాజు?"

"పశువుల దొంగలు చంపారని పోలీసులు రాసుకున్నారు."

లోలా నవ్వింది. ముక్తియార్ కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి ఉమ్మాడు. నోట్లో చేదు పోలేదు.

"అన్నట్టు ఆ తాళ్లేవి? ఎవిడెన్స్ కదా!"

"అమ్మినవాడి ఇంట్లో ఉన్నాయి సార్. మా వైపు పలుపు అమ్మరు."

"వింత ఆచారం!"

"అవును సార్. ఈ కేసులో అమ్ముడుపోనివి అవి మాత్రమే."